‘సోది ఆపరా’ అంటే మేమూ నవ్వాం

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మేము మొవ్వ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఎరుకల పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మొన్న రాత్రి రూములో ఒకడు ఏదో పొడుగ్గా చెప్తుంటే ఇంకొకడు “ఒరేయ్, సోది ఆపరా” అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. లైటు తీసేశాక మాత్రం నిద్ర పట్టలేదు. సోది అంటే ఎవరి పని? మా నానమ్మల పని. చేత్తో బుట్ట, గవ్వలు పట్టుకుని “సోది చెబుతానమ్మా సోది” అని వీధి వీధీ తిరిగి మా నాన్నలను సాకిన పని. ఆ మాటకు ఇవాళ తెలుగులో అర్థం పనికిరాని వాగుడు. ఆ అర్థానికి మేమే పళ్ళికిలించాం.

సోదిలో చెప్పిందల్లా జరుగుతుందని మేము వాదించట్లేదు. మేము సైన్సు చదువుకుంటున్నాం. కానీ ఒకటి ఆలోచించండి. అత్తింట్లో ఎవరికీ చెప్పుకోలేని కోడలు, కొడుకు కబురు తెలియని తల్లి, తమ కష్టం అరుగు మీద కూర్చుని ఎవరికి చెప్పుకున్నారు? సోదమ్మకే. ఆవిడ ముఖం చూసి, మాట చూసి, చెప్పని సంగతి పట్టుకుని, పాటలాగా రాగం తీసి ధైర్యం చెప్పేది. ఇవాళ కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ అని క్లాసులు పెట్టి నేర్పిస్తున్నది ఏంటి మరి? ఎదుటివాడు చెప్పేది వినడం, వాడికి అందేటట్టు చెప్పడం. మా నానమ్మలకు ఇది సర్టిఫికెట్ లేకుండానే వచ్చు.

ఇంకో విచిత్రం చూడండి. మనది క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. కూచిపూడి మన మండలంలోనే ఉంది. మన యక్షగానాల్లో, వీధి నాటకాల్లో ఎరుకలసాని పాత్ర ఎంత పాతదో పెద్దలకు తెలుసు. సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికెళ్ళి పద్మావతి పెళ్ళి మాట కదిపాడని కథ. స్టేజీ మీద ఎరుకలసాని మాట్లాడితే చప్పట్లు. అదే ఎరుకల మనిషి బస్సులో ఫోన్ ఎత్తి సొంత భాషలో మాట్లాడితే పక్క సీటు వాడు జేబు తడుముకుంటాడు. వేషానికి ఉన్న మర్యాద మనిషికి లేదా?

ఆ జేబు తడుముకోవడం ఊరికే రాలేదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలాంటి సెటిల్మెంట్లలో మన వాళ్ళను కుటుంబాలతో సహా పెట్టి హాజరు వేయించుకున్నారు. అర్థం కాని భాష మాట్లాడితే అది దొంగల గుప్త భాష అన్నారు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. మా భయం మాత్రం పోలేదు. పిల్లలు బయట ఆ భాష మాట్లాడితే అమ్మలు నోరు మూయించారు. వాళ్ళను తప్పు పట్టం. మమ్మల్ని కాపాడుకోవడానికే అలా చేశారు.

కానీ ఫలితం ఏమైంది? 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల జనాభా అయిదు లక్షలు దాటింది. దేశం మొత్తం మీద ఎరుకల మా తల్లిభాష అని రాయించుకున్నది సుమారు 58 వేల మంది. ఆ లెక్కను కూడా తమిళం కింద కలిపేశారు. తమిళానికి దగ్గర భాషే, కాదనం. దగ్గర చుట్టమైనంత మాత్రాన ఇంటిపేరు మార్చేస్తామా?

2004 నుంచి మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు తల్లిభాషలో వాచకాలు వచ్చాయి. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా. మొత్తం ఎనిమిది. సంతోషం. అందులో ఎరుకల లేదు. మైదానంలో ఉంటే గిరిజన భాష ఉండదనుకున్నారా? రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో ఉండేలా చూడమంటోంది. కొండ ఎక్కినవాళ్ళకే అని అందులో రాయలేదు.

“లిపి లేనిది భాషేంట్రా” అంటారు. సంతాలీకి ఓల్ చికి లిపిని రఘునాథ్ ముర్ము 1925లో తయారు చేశారు. అంతకు ముందు సంతాలీలు మూగవాళ్ళా? బోడోను దేవనాగరిలో రాసుకుంటున్నారు. ఆ రెండు భాషలూ 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూలులోకి వచ్చాయి. మన భాషను తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఎవరు ఆపుతారు?

“దాంతో ఉద్యోగం వస్తుందా” అంటారు. రాదు. తెలుగు, ఇంగ్లీషు గట్టిగా నేర్చుకుందాం. కానీ ఒకటి నేర్చుకోవాలంటే ఇంకోటి చంపాలని ఎవరు చెప్పారు? మా నానమ్మలు బడి మొహం చూడలేదు. ఇంట్లో ఎరుకల, ఊళ్ళో తెలుగు, అదీ కామందు గుమ్మం ముందు ఒక తీరు, సంత బేరంలో ఇంకో తీరు. వాళ్ళకు పట్టిన నోరు మాకు పట్టదా?

ఇది ఎరుకల గొడవ మాత్రమే అనుకోకండి. దివిసీమ యానాది తమ్ముడు మాట్లాడేది తెలుగే. అయినా యాస వెక్కిరిస్తారని క్లాసులో చెయ్యెత్తడు. తండా నుంచి వచ్చిన చెల్లి హాస్టల్లో లంబాడీ పలకదు. నోళ్ళు వేరు, మూసుకున్న కారణం ఒకటే.

ఇక మా సంగతి. ఇంటి నుంచి ఫోన్ వస్తే రూము వదిలి డాబా మీదకు పోతాం. నానమ్మ ఎరుకలలో అడుగుతుంది, మేము తెలుగులో జవాబిస్తాం. అర్థమవుతుంది, నోటికి రాదు. ఇంత పెద్ద పోస్టులో ఒక్క ఎరుకల మాట కూడా లేదు, గమనించారా? తప్పు రాస్తామేమోనని భయపడ్డాం. మా భాష మా దగ్గరే పరాయిదైంది. ఈ సిగ్గు ఏ దొర మీదా తొయ్యలేం.

అందుకే అడుగుతున్నాం. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని పది మాటలు అడిగి తెలుగు అక్షరాల్లో రాసి ఈ గ్రూపులో పెట్టండి. రాబోయే జనగణనలో తల్లిభాష గడి దగ్గర ఇంట్లోవాళ్ళ పక్కన నిలబడి ఏది నిజమో అది రాయించండి. ఇంటి ఫోన్ వస్తే రూములోనే మాట్లాడండి.

ఈ ఆదివారం నానమ్మ ఫోన్ చేస్తే మేము డాబా ఎక్కం. ఎవరైనా “ఏం భాషరా అది” అంటే చెప్తాం, మాది అని. తడబడతాం. నానమ్మ నవ్వుతుంది. ఆ నవ్వు పర్లేదు.

జై ఆదివాసీ.