అలిగిన బతుకమ్మ నాడు ఇల్లాలికి విశ్రాంతి ఏది?

మా లింగాల ఘనపూర్ ప్రాంతంలో బతుకమ్మ 9 రోజులూ స్త్రీలకు ఎంత ఆనందమో అంత శ్రమ. తంగేడు, గునుగు పూలు పేర్చడం, రోజుకొక నైవేద్యం, వచ్చిపోయే బంధువులు. వీటి నడుమ ఇల్లాలు ఆకలి, దప్పిక, నిద్ర, కడకు కన్నీరు సైతం ఆపుకొంటుంది.

ఆపుకోరాదని చరక సంహిత చెప్పిన 13 వేగాలలో ఈ నాలుగూ ఉన్నాయి. నిగ్రహించుకోవలసినవి క్రోధం, లోభం, ఈర్ష్య వంటివని కూడా ఆ గ్రంథమే చెప్పింది. పండుగ ఇంట జరిగేది ఇందుకు విరుద్ధం. ఆకలి అణగుతుంది, కోపం బయటపడుతుంది. శరదృతువులో పిత్తం సహజంగానే ప్రకోపిస్తుంది. ఖాళీ కడుపు తోడైతే చిరాకు, తలనొప్పి కలుగుతాయి. అది ఆమె స్వభావదోషం కాదు.

ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు, నైవేద్యం వండరు. అమ్మవారి అలకను మన్నించే ఇంటికి ఇల్లాలి అలసట కనబడకపోవడం న్యాయమా? ఆనాటి వంట, ఇంటిపని పురుషులే చేపట్టాలని నా నిశ్చితాభిప్రాయం.

తక్కిన రోజులలో గృహిణులు వేళకు భుజించాలి. రాత్రి అరికాళ్లకు నువ్వుల నూనె మర్దించుకొని త్వరగా పడుకోవాలి. పండుగ గడచిన రెండు వారాలకు కూడా దిగులు, నిద్రలేమి తగ్గకుంటే వైద్యుని సంప్రదించాలి.