కబుర్లు కొండంత, అక్కరకొచ్చేది గోరంత

ఎకరం రెండెకరాల పోడు దున్నుకుని, ఖాళీ రోజుల్లో కూలికి పోయే గిరిజనుడికి పైన యజమాని లేడు గదా, అతనికేం బాధ అని పట్నవాసులు కొందరు అనుకుంటారు. యజమాని లేని మాట నిజమే. గుమాస్తా కూడా లేడన్న సంగతి వాళ్లకు తట్టదు. విత్తు తెచ్చేది తనే, కలుపు తీసేది తనే, సరుకు సంతకు మోసేది తనే. ఇప్పుడు వీటికి తోడు కాగితం చూసుకునేదీ, ఫోను చూసుకునేదీ, వేలిముద్ర వేసేదీ, డబ్బు పడకపోతే ఎందుకు పడలేదని తిరిగేదీ కూడా తనే.

పాచిపెంట మండలంలో కాస్త జీడితోట, కాస్త చోళ్లు, కంది ఉన్న ఒక కొండదొర కుటుంబాన్నో, జాతాపు కుటుంబాన్నో తీసుకోండి. పోడు పట్టాకు 2006 అటవీ హక్కుల చట్టం కింద ఒక ఫైలు. పంటకు ఈ-క్రాప్ నమోదు. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయలకు ఈ-కేవైసీ. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవకు మళ్లీ జాబితా. రేషనుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి, పిల్లల చదువుకు ఇంకొకటి. ప్రతిదానికీ ఒక గడువు, ఒక కార్యాలయం, ఒక యంత్రం.

ఇవి చాలవన్నట్టు ఫోను. పిడుగు పడుతుందన్న హెచ్చరికా అందులోకే వస్తుంది. పురుగుమందు ప్రకటన, జీడిపిక్కల ధర, నిమిషంలో అప్పిస్తామనే యాప్, 'మీ ఖాతా ఆగిపోతుంది' అనే దొంగ బెదిరింపు కూడా అందులోకే వస్తాయి. అన్నిటికీ ఒకటే మోత. ప్రాణం కాపాడే కబురేదో, కొంప ముంచే కబురేదో మోత విని చెప్పలేం. పైగా ఇంట్లో కువి మాటో, ఒడియా మాటో నడుస్తుంటే వచ్చే కబురు ఆఫీసు తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. ఫోను మగవాడి జేబులో ఉంటుంది, ఆడకూతురి కూలి కబురు కూడా అక్కడే ఉండిపోతుంది.

ఇది మన తెలివితక్కువా?

కాదు. నిబంధనలు నిలకడగా ఉంటే చదువురాని వాడు కూడా నాలుగేళ్లలో నేర్చుకుంటాడు. ఇక్కడ నిలకడ ఏదీ? 2022 ఏప్రిల్ 4న మన మండలం విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. 2020లో రైతు భరోసా కేంద్రం అన్నదాన్ని తరువాత రైతు సేవా కేంద్రం అన్నారు. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో అన్నారు. 2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపుకు ఆధార్ ముడి తప్పనిసరి అన్నారు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలోనే కొత్త చట్టాన్ని పార్లమెంటులో ఆమోదించారు. ఒకటి అర్థమయ్యేసరికి రెండోది వచ్చి పడుతోంది. ఆఫీసు చెయ్యవలసిన చాకిరీని పేదవాడి నెత్తిన పెట్టి, మోయలేకపోతే 'అవగాహన లేదు' అంటున్నారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన రోజు కూలి ఎవరిస్తారు?

ఈ గందరగోళంలో బాగుపడేవాళ్లు ఉన్నారు. వేలిముద్రకు ఇంతని పుచ్చుకునే దళారీ ఉన్నాడు. చీడ పేరు చెప్పకుండా మూడు డబ్బాలు అంటగట్టే మందుల కొట్టువాడు ఉన్నాడు. జీడి సంగతే చూడండి. మార్చి నుంచి మే దాకా పిక్కలు రాలే రోజుల్లో రోజుకో ధర ఫోనులో వినిపిస్తుంది. పలాస వైపు 80 కిలోల బస్తా లెక్క చెబుతారు, ఊళ్లోకి వచ్చే షావుకారు కిలో లెక్క చెబుతాడు, ఆపైన తేమ అని, తాలు అని తరుగు తీస్తాడు. ధర తెలిసినంత మాత్రాన ధర చేతికి రాదు. షావుకారు దగ్గర ధర కబురుతో పాటు గిడ్డంగి ఉంది, రొక్కం ఉంది. మన దగ్గర కబురు ఒక్కటే ఉంది. పది ఇళ్ల పిక్కలు ఒకచోట పోసి ఒకే మాట మీద నిలబడితేనే ఆ కబురుకు విలువ.

చేటతో చెరిగినట్టు చెరగాలి

ఫోను విసిరికొట్టమని మనం అనడం లేదు. పిడుగు హెచ్చరిక విని పశువుల్ని తోలుకొచ్చినవాడికి దాని విలువ తెలుసు. వచ్చినదంతా మోయవద్దు అంటున్నాం. ఏ కబురు వచ్చినా రెండు ప్రశ్నలు వెయ్యండి. ఇది తెలియకపోతే భూమి గానీ, కూలి గానీ, ప్రాణం గానీ పోతుందా? దీనికి గడువు తేదీ ఉందా? రెంటికీ కాదని జవాబొస్తే వదిలెయ్యండి. అవునంటే పుస్తకంలో రాయండి, రాయించండి. ఇంటికొక నోటుబుక్కు చాలు.

పోడు దరఖాస్తునే చూడండి. దాన్ని తోసిపుచ్చితే ఆ నిర్ణయాన్ని దరఖాస్తుదారుకు తెలపాలి. పైకమిటీకి చెప్పుకోవడానికి 60 రోజులుంటాయి. గ్రామసభ కాదంటే డివిజన్ కమిటీకి, డివిజన్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. వంద పనికిమాలిన కబుర్ల కింద ఆ ఒక్క కబురు పడిపోతే తాతల నాటి మెట్టు చేజారుతుంది. మందు డబ్బా మీద రంగు త్రికోణం కూడా అలాంటిదే. ఎరుపు అన్నిటికంటె ఘాటు విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అమ్మేవాడి మాట కంటే ముందు ఆ రంగు చూడాలి.

ఒక్క ఇల్లు ఇవన్నీ చూసుకోలేదు, చూసుకోనక్కర లేదు కూడా. పది ఇళ్లు కలిసి పని పంచుకోవాలి. ఒకరు మస్తరు, కూలి చెల్లింపు చూడాలి. ఒకరు భూమి కాగితాలు, ఒకరు ధరలు, ఒకరు రేషను, పింఛను చూడాలి. వీరిలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంత మరునాడు సాయంత్రం గంటసేపు కూర్చుని ఎవరి కబురు వాళ్లు ఇంటి భాషలో చెప్పాలి. పంట మీద అనుమానముంటే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు తెలుగులోనే అడగవచ్చు, ఖర్చు లేదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పవద్దు. మోసపోతే వెంటనే 1930కి చెప్పాలి.

జవాబు రాని చోట సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చిన ఈ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. రాయడం రానివాడు నోటితో అడిగితే కాగితం మీద పెట్టడానికి సాయం చెయ్యవలసింది ఆ అధికారే. ఈ మాట మన మన్యంలో ఎంతమందికి చెప్పారు?

మన కోర్కెలు

మన పని మనం చేసుకుంటూనే ప్రభుత్వాన్ని అడగాలి:

1. కొత్త నిబంధన ఏదైనా సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి, గ్రామసభలో జనం భాషలో చెప్పాలి, ఆ తరువాతే అమలు చెయ్యాలి.

2. సంత రోజున సంతలోనే అన్ని శాఖల వాళ్లూ ఒకచోట కూర్చోవాలి.

3. ఏ దరఖాస్తు తోసిపుచ్చినా, ఏ డబ్బు ఆపినా కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

4. సిగ్నల్ లేదనీ, వేలిముద్ర పడలేదనీ కూలి, రేషను ఆపకూడదు. చేతిరాత మస్తరును ఒప్పుకోవాలి.

ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటీ లేదు. వచ్చే సంత నాటికి ప్రతి ఊళ్లో పది ఇళ్ల జట్టు ఒకటైనా ఏర్పడాలి. మొదటి సాయంత్రం పోడు దరఖాస్తుల తేదీలు చదవండి. 60 రోజుల్లో ఎవరికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.