వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు

హైదరాబాదు విహారయాత్రకు వెళ్లిన మన జిల్లా పిల్లలు సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగిరారు. గంట కొట్టే గడియారం ముందు గుమిగూడతారు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను చూసి ముక్కున వేలేసుకుంటారు. అయితే ఈ సంపదలో అధికభాగం కూడబెట్టిన పెద్దమనిషి ఎక్కడ పడుకునేవారని పిల్లవాడెవరైనా అడిగితే చూపించడానికి ఆ గది లేదు.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 వరకు నిజాం వద్ద ప్రధానమంత్రి. పదవి వదిలాక కళాఖండాల సేకరణకే జీవితం ధారపోశారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూశారు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న అప్పటి ప్రధాని నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో వస్తువులు మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలాయి. రక్షణ దృష్ట్యా కొత్త భవనం అవసరమే. దానిని ఎవరూ తప్పుపట్టరు. కాని ఆ తరువాత దేవిడీ చాలావరకు నేలమట్టమైంది. ద్వారాలు మిగిలాయి, లోపల దుకాణాలు వెలిశాయి.

ఇల్లూ వస్తువులూ కలిపి కాపాడవచ్చుననడానికి పారిస్ నగరంలో ఒక నిదర్శనం ఉంది. మోయిజ్ ద కామొందో అనే బ్యాంకరు కూడా ఇలాంటి సేకర్తే. ఆయన కుమారుడు నిస్సిం మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడుపుతూ 1917లో మరణించాడు. తండ్రి తన భవనాన్ని కొడుకు పేరిట ప్రజలకు రాసిచ్చి, ఎక్కడి వస్తువును అక్కడే ఉంచాలని షరతు పెట్టారు. ఆయన 1935లో పోయారు. మరుసటి ఏడాది మ్యూజియం తెరిచారు. తండ్రీకొడుకుల పడకగదులు, వంటగదితో సహా నిలిచాయి. తరువాత ఆయన కుమార్తె, అల్లుడు, మనవలు నాజీల ఆష్విట్జ్ శిబిరంలో బలయ్యారు. ఆ కుటుంబానికి మిగిలిన గుర్తు ఆ ఇల్లే.

మ్యూజియంలో మంచానికి నెంబరు ఉంటుంది. ఇంట్లో మంచం పక్కన దీపం, సగం చదివిన పుస్తకం, పోయినవారి ఫోటో ఉంటాయి. మొదటిది పనితనం చెబుతుంది. రెండవది మనిషిని చూపుతుంది.

బ్రతికున్నవారికే గూడు లేనప్పుడు పోయినవారి పడకగదికి ఖర్చెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి ఇంటినీ మ్యూజియం చేయమనడం లేదు. మన పల్లెల్లో పాత లోగిళ్లు, గడీలు కూలుతున్నాయి. పందిరిమంచాలు, టేకు బీరువాలు పాతసామాన్ల వర్తకుల లారీలెక్కుతున్నాయి. సామాను కదిలించేముందు గదిగదికీ ఫోటో తీసి, ఏది ఎక్కడుందో జాబితా రాసి ఉంచితే పెద్ద ఖర్చేమీ కాదు. ఇంటివారు చేయలేకపోతే ఊరి బడి పంతుళ్లు, పిల్లలు చేయగలరు. పురావస్తు శాఖవారు ఆ జాబితాలను భద్రపరచాలి. దివాన్ దేవిడీ ద్వారాలనైనా కాపాడాలి. వస్తువు ఒకసారి చోటు మారిందంటే, అది ఎక్కడుండేదో చెప్పగల మనిషి కూడా ఎంతోకాలం ఉండడు.