పెళ్లి డబ్బా, జర్మన్ చదువా?

మా తోడికోడలి కూతురు రెండు దేశాల యూనివర్సిటీలు కలిసి ఇచ్చే డిగ్రీలో జర్మన్, దాంతోపాటు కంప్యూటర్ పనీ నేర్చుకుంటానంటోంది. "ఫోనే అనువాదం చేస్తుంటే భాషెందుకే?" అని వేటపాలెంలో అందరిదీ ఒకటే మాట. ఫోన్ చెప్పింది తప్పో ఒప్పో తేల్చడానికే రెండూ రావాలండీ. అన్నట్టు, జర్మన్‌లో అమ్మాయి అనే మాట నపుంసకలింగమట! మనకేం కొత్త, అమ్మాయీ వచ్చింది, ఆవూ వచ్చింది అంటాంగా.

అసలు గొడవ డబ్బు దగ్గర. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ స్కాలర్‌షిప్ లేకపోతే వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. పెళ్లికని దాచింది తీయడానికి తోడికోడలికి చేయి రావట్లేదు. అది ఫీజు కాదమ్మా, నెలకు 992 చొప్పున పిల్ల చేతికే వస్తుంది. పెళ్లిలో పెడితే భోజనాలకీ షామియానాలకీ సరి. బి1 పరీక్ష పాసయ్యాకే కదపమన్నాను.