మార్కులు రెండో ఫొటోకు వేద్దాం

పోయిన నెల మా తొమ్మిదో తరగతి పిల్లలు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసుకొచ్చి తరగతి గోడకు అంటించారు. మనుషులు వద్దు, ఇంట్లో కదలకుండా ఉండే వస్తువులే తీయండి అని చెప్పాం. చెంబు, రోలు, తాళంచెవుల గుత్తి, నూనె సీసా, పళ్లెంలో టమాటాలూ పచ్చిమిరపకాయలూ వచ్చాయి. అందరం కలిసి చూసి మంచిచెడ్డలు మాట్లాడుకోవాలన్నది ఏర్పాటు. పది నిమిషాల పాటు వినిపించినవి రెండే మాటలు, ‘బాగుంది’, ‘సూపర్’. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లం మేమూ అంతకు మించి చెప్పలేకపోయాం.

ఒకమ్మాయి వాళ్ల అవ్వ వాడే ఇత్తడి చెంబు తీసింది. ఆ చెంబుకున్న సొట్టలంటే తనకు ఇష్టమట. ఫొటోలో సొట్టలే లేవు. చెంబూ వెనక గోడా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ‘ఫోన్‌లో కాంట్రాస్ట్ పెంచమ్మా’ అన్నాం. పెంచింది. మెరిసే చోటు తెల్లగా పేలిపోయింది, నీడ పడిన చోటు మసిబొగ్గయింది, సొట్టలు మాత్రం రాలేదు. ఆ పిల్ల మాట్లాడకుండా ఫొటో ఊడదీసి సంచిలో పెట్టుకుంది. ఆ సలహా ఇచ్చింది మేమే కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

సొట్ట కనబడాలంటే దానికి నీడ పడాలి. ఫ్లాష్ వెలుగు కెమెరా పక్కనుంచే సూటిగా వెళ్తుంది, నీడను వస్తువు వెనక్కి నెట్టేస్తుంది. ఫొటోలో పడని నీడను ఏ యాప్ తెచ్చిపెడుతుంది? ఫ్లాష్ ఆపి, లైటు ఆర్పి, చెంబును కిటికీకి పక్కగా పెడితే సగం పని అయిపోతుంది. నీడ వైపు మరీ నల్లబడితే అటు ఒక తెల్ల చార్టు నిలబెడితే చాలు. ఇత్తడి, స్టీలు, గాజు ఎదురుగా ఉన్నదాన్నల్లా చూపిస్తాయి కనుక పక్కన నల్లగుడ్డ పెడితే అంచు తెలుస్తుంది.

టమాటాల పళ్లెం కథ వేరు. ఎరుపూ పచ్చా కంటికి ఎంత దూరమైనా, రంగు తీసేస్తే చాలాసార్లు ఒకే బూడిదగా మిగులుతాయి. అందుకే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ ముందే పెట్టుకుని, తెరలో చూస్తూ వస్తువులు సర్దుకోవాలి. మిరపకాయలు తీసి వెల్లుల్లి పెట్టగానే ఆ పళ్లెం తేరుకుంది.

కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ 1930 ఆగస్టులో తీసిన ‘పెప్పర్ నం. 30’ గురించి పిల్లలకు చెప్పాం. అందులో ఉన్నది మన బెంగళూరు మిరపకాయ లాంటి కాయ. దాన్ని రేకు గరాటులో పెట్టాడు. గరాటు లోపలి గోడలు వెలుతురును కాయ చుట్టూ తిప్పాయి. ఆ 30 కూడా ఊరికే పెట్టిన అంకె కాదు, కాయలను అన్నిసార్లు తీసి చూశాడు.

డార్క్‌రూమ్ రోజుల్లో ప్రింటును దిద్దలేదా అని మాలోనే ఒకరు అడిగారు. దిద్దారు. ఆన్సెల్ ఆడమ్స్ అందులో ఆరితేరినవాడు. ఒక మూల కాస్త నలుపు చేయడం, అంచు కత్తిరించడం మేమూ వద్దనం. అది చివర చేసే పని.

మాట్లాడుకునే పద్ధతీ మార్చాం. తీసినవాళ్లు ముందు నోరు విప్పకూడదు. చూసేవాళ్లు తమ కన్ను మొదట ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిపోయిందో చెప్పాలి. తర్వాతే తీసినవాళ్లు తాము ఏం చూపాలనుకున్నారో చెప్పాలి. ‘బాగుంది’ నిషేధించేసరికి ‘చెంబు గోడలోకి ఇంకిపోయింది’, ‘సీసా గాల్లో తేలుతోంది’ అనే మాటలు వాటంతటవే వచ్చాయి. ఒక వారం గడువిచ్చి మళ్లీ తీసుకురమ్మన్నాం. ఇప్పుడు చాలా బళ్లలో మొదటి ఫొటోకే మార్కులు వేసి ఫైలు కట్టేస్తున్నారు. మొదటిది ఎవరి ఫోన్ ఖరీదైనదో చెబుతుంది, అంతే. మార్కులు రెండోదానికి వేయాలి.

చెంబు మళ్లీ వచ్చింది. పొద్దున ఎనిమిదింటప్పుడు వంటింటి కిటికీ పక్కన తీసిందట. సొట్టలన్నీ లెక్కపెట్టొచ్చు. అయితే చెంబు కడుపులో ఫోన్ పట్టుకున్న ఆ పిల్ల ప్రతిబింబం చిన్నగా కనబడుతోంది. నల్లగుడ్డ పెట్టి తీసేయమని సగం తరగతి, ఉండనీ అని మిగతా సగం. ఆ అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు.