మచ్చు సెంటు

మా ఆఫీసుకు క్రొత్త సరుకేది రావలసి వచ్చినా మొదట మచ్చు వస్తుంది. పదిమందీ చూచి బాగున్నదంటేనే ఆర్డరు. నాణేలకూ ఈ పద్ధతి ఉన్నది. అమెరికాలో టంకసాల పెట్టిన 1792లోనే రాగి సెంటు నడుమ చిన్న వెండి ముక్క పొదిగి మచ్చు చూచారు. 1879, 1880లలో నాలుగు డాలర్ల బంగారు నాణెం కొట్టి చూచారు. ఆ రెండూ చెలామణికి రాలేదు. నాకు వాటికన్నా నచ్చిన కథ అల్యూమినియం సెంటుది.

1973లో రాగి ధర మండిపోయింది. సెంటులోని రాగి సెంటుకన్న ఎక్కువ ఖరీదు చేస్తే జనం నాణేలను దాచి, కరిగించి అమ్ముకుంటారని ప్రభుత్వానికి బెంగ పట్టుకున్నది. అందుచేత 1974 అంకె వేసి పదిహేను లక్షలకు పైగా అల్యూమినియం సెంట్లు కొట్టించి, కొన్నిటిని శాసనసభ్యులకు చూపడానికి ఇచ్చారు.

నాణెం వేస్తే సరుకు నిచ్చే యంత్రాలవారు ఇవి తమ యంత్రాలకు పనికిరావన్నారు. పిల్లల వైద్యులు ఇంకొక మాట చెప్పారు: పసివాడు మింగితే రాగి బిళ్ల ఎక్స్‌రేలో కనబడుతుంది గాని అల్యూమినియం బిళ్ల కనబడడం కష్టం. ఈ మాట చదివినప్పుడు, చిన్ననాట ఇరవై పైసల అల్యూమినియం బిళ్ల నోట పెట్టుకొని మా అమ్మచేత తిన్న దెబ్బ జ్ఞాపకం వచ్చింది. అంతలో రాగి ధరా తగ్గింది. క్రొత్త సెంట్లను మూలకు నెట్టి కరిగించారు.

చూడమని ఇచ్చినవాటిలో కొన్ని మాత్రం తిరిగి రాలేదు. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నది. డెన్వరు టంకసాలలో పనిచేసిన ఒక అధికారి కుమారుని వద్ద ఇట్టిదే మరొకటి బయటపడింది. దానిని వేలం వేయబోతే ప్రభుత్వం తనదేనన్నది. వ్యాజ్యం నడిచి, 2016లో అది టంకసాలకే చేరింది.

పదిహేను లక్షల బిళ్లలు కరిగించడం దుబారా కాదా అని మీరడగవచ్చు. గుమాస్తా లెక్కకు దుబారాయే. కాని తప్పు మచ్చులోనే బయటపడింది, ఏ తల్లి ఒడిలోనో కాదు. ఆ లెక్క ముందు ఈ లెక్క ఎంత!