సాయంత్రం అయిదింటి కూలి

బైబిల్ ఉపమానాలను నా కోసం చదువుకోవడం మీద నాకేం పేచీ లేదు. నా కోసమే చదువుకోవడం మీద ఉంది. "ఈ కథ నాతో ఏం చెబుతోంది?" అని అడగడం మంచిదే. కానీ ఆ ప్రశ్న వేయగానే కథలోని పొలం, కూలి, అప్పు అన్నీ ఆవిరైపోయి "నా ఆత్మ ప్రయాణం" ఒక్కటే మిగులుతోందంటే ఎక్కడో మోసం జరిగినట్టే.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథే తీసుకుందాం. ఒక ఆసామి పొద్దున్నే వెళ్లి, రోజుకు ఒక దేనారం అని మాట్లాడుకుని కొందరిని తోటలోకి పంపుతాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి వెళ్లి ఇంకొందరిని తెస్తాడు. సాయంత్రం అయిదింటికి వెళ్తే అప్పటికీ కొందరు నిలబడే ఉంటారు. ఎందుకిట్లా ఖాళీగా ఉన్నారంటే, మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు. వాళ్లనీ పంపుతాడు. చీకటి పడ్డాక గంటసేపు చేసినవాళ్లకూ దేనారమే, పొద్దంతా ఎండలో మాడినవాళ్లకూ దేనారమే. ముందొచ్చినవాళ్లు గొణుగుతారు. ఒప్పుకున్నది ఇచ్చాను కదా, నా మంచితనం చూసి మీకెందుకు కడుపుమంట అంటాడు ఆసామి.

దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. ఈ ఒక్క సంగతి మరిచిపోతే కథే లేదు. మనం మరిచిపోయింది సరిగ్గా దాన్నే.

మూడో శతాబ్దపు ఆరిజెన్ ఈ గంటలను మనిషి వయసులోని దశలన్నాడు. చిన్నప్పుడే దేవుడి వైపు తిరిగినవాడు పొద్దుటి కూలీ, ముసలితనంలో తిరిగినవాడు సాయంత్రం కూలీ. నేను చిన్నప్పుడు విన్న ప్రసంగాల్లోనూ అంతే. తోట సంఘం, దేనారం పరలోకం. ఇక మన తరానికి ప్రసంగం నచ్చదు కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ కార్డు చేసుకున్నాం: "ఆలస్యమైనా ఫర్వాలేదు, నీ టైమ్ వస్తుంది." పాస్టరు గారిని చూసి నవ్వుకుంటాం గానీ ఇద్దరం చేసిన పని ఒకటే. కూలిని కథలోంచి తీసేశాం.

మాది సిద్దిపేట. పొద్దున కూలీల అడ్డా మీదుగా ఒక్కసారి నడిచినవాళ్లకు ఈ కథలో గుప్తార్థాలు వెతకాల్సిన పనుండదు. మేస్త్రీ బండి ఆగగానే ముందు ఎవరు పోతారు? కండ ఉన్నవాళ్లు, తెలిసిన ముఖాలు. పదింటికి ఇంకా నిలబడి ఉన్నది ఎవరు? వయసు మళ్లినవాళ్లు, ఒంట్లో బాగోలేనివాళ్లు, చంకన పిల్లను వేసుకొచ్చిన ఆడవాళ్లు. సద్ది మూట విప్పకుండానే ఇంటికి పోవాలా, ఇంకాసేపు చూడాలా అని లెక్కలేసుకునేవాళ్లు. "మమ్మల్ని ఎవరూ పిలవలేదు" అన్న జవాబు వాళ్లది. దానికి గ్రీకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

మా నాయనమ్మకు చదువు రాదు. నాట్లకు పోయేది. ఈ కథలో ఆఖర్న వచ్చినవాళ్లకు అంత కూలి అన్యాయం కదా అని నేను వాదిస్తే ఒక్క మాటే అన్నది: "ఆఖర్ల పిలిచిండని ఆకలి ఆఖర్ల అయితదా బిడ్డా? వానింట్ల గూడ పొయ్యి మండాలె గద." ఇంతకంటే ఆధ్యాత్మికమైన వ్యాఖ్యానం నాకు ఇప్పటిదాకా దొరకలేదు. అందులో దేవుడి పేరు కూడా లేదు.

వ్యక్తిగతంగా చదవడం అంటే ఏమిటో చూడాలంటే గాంధీ ఉన్నాడు. రస్కిన్ రాసిన 'అన్ టు దిస్ లాస్ట్' పుస్తకానికి పేరు ఈ ఉపమానం నుంచే వచ్చింది. 1904లో జొహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైల్లో గాంధీ దాన్ని చదివాడు. రాత్రంతా నిద్రపట్టలేదని, బతుకు మార్చుకోవాలని నిర్ణయించుకున్నానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇంతకన్నా వ్యక్తిగతమైన అనుభవం ఏముంటుంది? కానీ దిగాక ఆయన చేసిందేమిటి? ఫీనిక్స్‌లో భూమి కొని, 'ఇండియన్ ఒపీనియన్' ప్రెస్సును అక్కడికి మార్చి, పనిచేసేవాళ్లందరికీ నెలకు మూడు పౌన్లు, ఒకే జీతం అన్నాడు. గుండెను తాకిన కథ జీతాల పట్టీ దాకా వచ్చింది. మనల్ని తాకిన కథలు స్టేటస్ దాటి ఎక్కడిదాకా వస్తున్నాయి?

"అయితే ఉపమానాన్ని కార్మిక చట్టం కరపత్రం చేస్తావా?" అనొచ్చు. చేయను, చేయనివ్వదు కూడా. నా సొమ్ము నా ఇష్టం అనే ఆసామిని ఏ యూనియనూ ఒప్పుకోదు. వెట్టి చాకిరీ చూసిన తెలంగాణకు ఆ మాట దొర నోట బాగా తెలుసు. ఆసామి అంటే దేవుడే అని చటుక్కున అనేయడానికి మా నేల మీద నోరు రాదు. ఆ ఇబ్బందిని కథ తీర్చదు. తీర్చకపోవడమే నయం. అలా గుచ్చుతూ ఉంటేనే మళ్లీ చదువుతాం.

ఇంతకీ ఈ కథలో నేనెక్కడ? ఇది చదువుతున్న మీలో చాలామందితోపాటు పొద్దున్నే పిలిపించుకున్న గుంపులో. చదువు, నగరం, ఇంగ్లీషు, పుస్తకాల షెల్ఫు. ముందొచ్చినవాళ్ల గొణుగుడు మన క్యాంపస్‌లలో, ఆఫీసు క్యాంటీన్లలో ఇప్పటికీ వినబడుతుంది. దానికి మనం పెట్టుకున్న పేరు మెరిట్. "మేం రాత్రింబవళ్లు కష్టపడితే వాళ్లకీ అదే సీటా?" వాళ్లను తరాల తరబడి ఎవరూ పిలవలేదన్న జవాబును వినకుండా, ఎన్ని గంటలు పనిచేశారని మాత్రం అడుగుతాం. క్రైస్తవులమని రాసుకున్న మాల మాదిగలకైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మేరకు ఎస్సీ హోదా కూడా లేదు. వాళ్లు కూర్చున్న బెంచీల ముందు నిలబడి "దేనారం అంటే పరలోకం" అని ముగించడం ఎంత సుఖమైన వ్యాఖ్యానమో ఆలోచించండి.

మోషే ధర్మశాస్త్రం కూలివాడి కూలిని పొద్దుగూకేలోగా ఇచ్చెయ్యమంటుంది, ఎందుకంటే అతను పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. మన 2005 నాటి ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల గడువు పెట్టింది. హోటల్ బయట ఆర్డర్ కోసం బైకు మీద కూర్చున్న డెలివరీ కుర్రాడి ఎదురుచూపుకు ఎంత కడుతున్నారో మీ యాప్‌లో ఎక్కడా కనబడదు. ఉపమానంలో మీ వ్యక్తిగత అర్థాన్ని తప్పకుండా వెతుక్కోండి. వెతికేటప్పుడు ఎవరి కూలి ఎంత, ఎప్పుడిచ్చారు, ఎవరిని పిలవలేదు అన్న మూడు సంగతులు మాత్రం కథలోంచి తీసెయ్యకండి.